ఎత్తిన చేయి

మనుష్యుడు నోటితో మాటలాడినట్లే చేతితోడను మాటలాడును. తెలుగు పలుకుబడిలో ఈ చేతి మాటలు లెక్కకు మిక్కిలిగా నున్నవి. పెద్దలు కనబడినపుడు చేతులు జోడింతురు. ఆపదలో నున్నవానికి చేయూత నిత్తురు. లేనివాడు చేయి చాచును. కోపము నాపుకొనలేనివాడు చేయి చేసికొనును. దేవుని సన్నిధిలో చేతులెత్తి మ్రొక్కుదురు. పూనిన పని సాగక విడిచిపెట్టినవానిని జూచి 'చేతులెత్తివేసినాడు' అందురు.

ఇన్ని విధములైన చేతులలో పాఠశాలయందు నిత్యము కనబడు చేయి యొకటి కలదు. అది జోడించిన చేయి కాదు, చాచిన చేయి కాదు. రెండు చేతులును గాక ఒక్క చేయి మాత్రమే పైకి లేచును. ఉపాధ్యాయుని చూపు దానిపై బడు వరకు అట్లే నిలిచియుండును. ప్రతిదినము దేశమంతట లక్షలకొలది చేతులు ఇట్లు లేచుచున్నవి. ఈ చేయి యేమి చెప్పుచున్నది? ఇది బడిలోనికి ఎట్లు వచ్చెను? కొందరి చేతులు ఏల లేవకున్నవి?

మొదటి ప్రశ్నకు విద్యార్థి యెవడైనను వెంటనే ప్రత్యుత్తరము చెప్పగలడు. చేయెత్తుట యనగా మాటలాడుటకు అనుమతి కోరుట. అది నిజమే. నలుబదిమంది గల తరగతిలో అందరును ఒక్కసారిగా నోరు విప్పినచో సంతలోని సందడి యగును గాని పాఠము కాదు. అట్టిచోట గొంతు పెద్దదైనవాని మాటయే వినబడును. మెల్లగా మాటలాడువాని మాట ఆ సందడిలో మునిగిపోవును. చేయి అట్లు కాదు. సన్నని గొంతు గల బాలిక చేయియు, గట్టి గొంతు గల బాలుని చేయియు ఒక్క తీరుననే కనబడును. ధనికుని బిడ్డ చేయి, కూలివాని బిడ్డ చేయి అను భేదమును గాలి యెరుగదు. ఒకరి చేయి మరియొకరి చేయిని మ్రింగివేయదు.

అందుచేతనే ఎత్తిన చేతికి బడి వెలుపలను గౌరవము కలదు. ప్రాచీన గ్రీసు దేశమందలి ఏథెన్సు నగరపు పౌరులు సభలో చేతులెత్తి తమ యభిప్రాయమును తెలిపెడివారు. నేటికిని ఆంధ్రదేశపు గ్రామపంచాయతీలలో ఉపసర్పంచిని ఎన్నుకొనునపుడు వార్డు సభ్యులు చేతులెత్తియే తమ సమ్మతిని తెలుపుదురు. అచ్చట ఎత్తిన చేయి 'నన్నును లెక్కలోనికి తీసికొనుడు' అని చెప్పును. తరగతి గదిలో ఎత్తిన చేతికిని అదియే యర్థము. అయితే అక్షరాస్యత గల ప్రతిచోటను చేతికి ఈ స్వేచ్ఛ మొదటినుండియు లేదు. అది తెలియవలెనన్నచో రెండువందల యేండ్ల నాటి అనంతపురపు సీమను ఒక్కసారి చూడవలెను.

అనంతపురపు సీమ రాయలసీమ పడమటి భాగమున నున్న మెట్ట పీఠభూమి. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించుటచేతను, తూర్పు సముద్రమునుండి బయలుదేరు ఈశాన్య ఋతుపవనము ఇంత దూరము వచ్చునప్పటికి బలము తగ్గుటచేతను ఇచ్చట వాన తక్కువ. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున మాత్రమే వర్షము పడును. అదియు చెప్పిన వేళకు పడదు. 1800 సంవత్సరమున నిజాము నవాబు ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి వదలివేసెను. నాటినుండి 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరు అయ్యెను. ఆయన 1822లో రాజధానియందలి ప్రతి జిల్లా కలెక్టరునకును ఒక యుత్తరువు పంపెను. మీ జిల్లాలో బడులెన్ని, అందు చదువువారెందరు, ఏమి చదువుచున్నారు అని అందులో అడిగెను.

బళ్లారి జిల్లా కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ కాంబెల్ ఆ ప్రశ్నకు 1823 ఆగస్టులో సవిస్తరముగా ప్రత్యుత్తరము వ్రాసెను. నేటి అనంతపురపు సీమలో చాలభాగము నాడు బళ్లారి జిల్లాలో చేరియుండెను. 1882లో గాని అనంతపురము ప్రత్యేక జిల్లా కాలేదు; ఆ జిల్లాయు 2022లో అనంతపురము, శ్రీ సత్యసాయి యను రెండు జిల్లాలుగా విడివడెను. కాంబెల్ తెలుగు నెరిగినవాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించినవాడు. కావున ఆయన నివేదిక కేవలము అంకెల పట్టికగా నుండక, ఆనాటి వీధిబడిని కన్నులకు గట్టునట్లు చూపుచున్నది.

జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. వానిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి సంస్కృతము, మరాఠీ, పారసీకము, అరవము మొదలగు భాషలవి. అన్ని బడులలోను కలిపి చదువుకొనువారు 6,641 మంది. అనగా బడికి సుమారు పండ్రెండుగురు. వేయిమంది జనములో ఏడుగురైనను చదువుటలేదు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే.

బిడ్డకు అయిదవ యేడు రాగానే అయ్యవారిని, బడిపిల్లలను ఇంటికి పిలిచి, వినాయకుని యెదుట కూర్చుండబెట్టి, బియ్యములో వ్రేలితో అక్షరములు దిద్దించెడివారు. బడిలో చేరిన పిమ్మట బాలుడు నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో వ్రాయుచు ఓనమాలు నేర్చెడివాడు. వ్రేలు కుదిరిన తరువాత తాటియాకు, గంటము చేతికి వచ్చెడివి. లేదా నల్లబరచిన కడితముపై బలపముతో వ్రాసెడివాడు. ఇట్లు ఆ బడిలో చదువంతయు చేతినుండియే ఆరంభమగుచుండెను.

బడి ప్రొద్దున ఆరు గంటలకు మొదలు. అందరికంటె ముందు వచ్చిన బాలుని యరచేత అయ్యవారు సరస్వతి పేరు వ్రాయును. అది గౌరవ చిహ్నము. రెండవవాని యరచేత సున్న చుట్టును. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. ఆ పిమ్మట వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ యెక్కువ. ఈ లెక్క చొప్పున పండ్రెండుగురున్న బడిలో కడపటివాడు పది దెబ్బలు తినవలెను. వాడు పశువులకు మేత వేసి వచ్చెనా, దూరపు బావినుండి నీరు మోసి వచ్చెనా అను విచారణకు ఆ లెక్కలో చోటు లేదు. చదువని బాలునకు బెత్తము కాక, రెండు చేతులును త్రాటితో గట్టి దూలమునకు వ్రేలాడదీయు శిక్షయు నుండెను. తెలుగువారు దానిని కోదండమనిరి. ఎడతెగక గుంజిళ్లు తీయించుట మరియొక శిక్ష.

ఇంతమాత్రముచే ఆ బడులలో మంచి లేదనుకొనరాదు. పిల్లలను వారి తెలివినిబట్టి నాలుగు తరగతులుగా విభజించి, పై తరగతివాడు క్రింది తరగతివానికి నేర్పునట్లు అయ్యవారు ఏర్పరచెడివాడు. ఇందువలన ఒక్క అయ్యవారితోనే బడి నడచెడిది. నేర్పువాని చదువును గట్టిపడెడిది. ఈ పద్ధతిని కాంబెల్ ఎంతయు మెచ్చుకొనెను. అంతకు ముందే, 1789లో మద్రాసు ఎగ్మూరునందలి సైనికుల అనాథ బాలుర శరణాలయమునకు పెద్దగా నియమితుడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు దక్షిణదేశపు వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ రీతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. 1797లో దానిని గూర్చి లండనులో ఒక పుస్తకమును ప్రకటించెను. ఇంగ్లండులో ఆ బోధనారీతికి 'మద్రాసు పద్ధతి' యనియే పేరు వచ్చెను. పేదబిడ్డలు పెక్కుమంది ఆ పద్ధతిని అక్షరములు నేర్చిరి. ఇసుకలో వ్రాసిన వ్రేలు సముద్రములు దాటెనన్నమాట.

అయినను కాంబెల్ ఆ బడులలో ఒక పెద్ద లోపమును గూడ కనిపెట్టెను. బాలురు పద్యములను వందలకొలది కంఠస్థము చేసి అక్షరము పొల్లుపోకుండ అప్పగింతురు; వాని యర్థము మాత్రము వారికి తెలియదు. చిలుకకు మాటలు నేర్పినట్లుగా నున్నదని ఆయన చింతించెను. దేశము పేదరికములోనికి దిగుచుండుటచే తలిదండ్రులు బిడ్డలను బడికి పంపలేకున్నారనియు, మునుపు బడులున్న పల్లెలు పెక్కింటిలో ఇప్పుడు బడులు లేవనియు దాపరికము లేక వ్రాసెను.

ఆయన వర్ణనలో దెబ్బకై చాచిన చేయి కలదు. దూలమునకు గట్టిన చేయి కలదు. ప్రశ్న నడుగుటకై ఎత్తిన చేయి మాత్రము కానరాదు. అడుగువాడు అయ్యవారు, అప్పగించువాడు శిష్యుడు. ఒక్కొక్కని వంతు వచ్చినపుడు ఒక్కొక్కడు ఎదుటికి వచ్చి పాఠము అప్పగించి పోవుచుండగా, మధ్యలో చేయెత్తి 'అయ్యా, ఇది యేల ఇట్లయ్యెను?' అని అడుగుటకు తావెక్కడ?

ప్రశ్న మన దేశమునకు పరాయిది కాదు. ఉపనిషత్తులలో ఒకదానికి ప్రశ్నోపనిషత్తు అనియే పేరు. అందులో ఆరుగురు జిజ్ఞాసువులు చేత సమిధలు పట్టుకొని పిప్పలాద మహర్షి కడకు పోవుదురు. ఆయన వారిని ఒక సంవత్సరము తన కడ నుండుమని, పిమ్మట ఇష్టమైన ప్రశ్నల నడుగుమని, తనకు తెలిసినచో చెప్పెదననియు పలుకును. అంతటి ఋషియు 'తెలిసినచో' అనెను. కఠోపనిషత్తులో నచికేతుడను బాలుడు యమధర్మరాజునే ప్రశ్నించును. ఇంత దూరమేల? అనంతపురపు సీమలోనే, కదిరి ప్రాంతమున కటారుపల్లెలో వేమన సమాధి కలదు. లోకులు ఆచారమని తలవంచిన ప్రతిదానిని ఏల, ఎందులకు అని నిలదీసిన మహాకవి యాయన. ఆయన పద్యములను పిల్లలచే వల్లె వేయించిన బడులు, ఆయన ప్రశ్నించు గుణమును మాత్రము వారికి అలవరచలేకపోయెను.

1854లో ఇంగ్లీషు ప్రభుత్వము విద్యను గూర్చి ఒక ప్రణాళికను పంపెను. దానికి సర్ చార్లెస్ వుడ్ పేర ప్రసిద్ధి కలిగెను. క్రమముగా ప్రభుత్వపు గ్రాంటులతో నడచు పాఠశాలలు పెరిగెను. వయస్సునుబట్టి తరగతులు, బెంచీలు, నల్లబల్ల, గంటల పట్టిక వచ్చెను. నలుబది, ఏబదిమందిని ఎదుట కూర్చుండబెట్టుకొని ఉపాధ్యాయుడు అందరికి నొకే పాఠమును, ఒకే వేళ, చెప్పవలసి వచ్చెను. ఒక్క ప్రశ్న వేసినచో ప్రత్యుత్తరము చెప్పదగినవారెవరో అంతమందిలో తెలియుట యెట్లు? తరగతి పెద్దదైనకొలది చేతి సంజ్ఞ తప్పనిసరి యయ్యెను. వీధియరుగుమీద దెబ్బకై చాచిన చేయి ఈ విధముగా తరగతి గదిలో పైకి లేచెను. ఇది చిన్న మార్పు కాదు. చాచిన చేయి ఇతరుడు చేయునదానికి ఎదురుచూచును. ఎత్తిన చేయి తానొకటి చేయబూనును.

ఇప్పుడు చేతులెత్తువారిని కొంచెము పరిశీలింపవలెను. కొందరు ప్రత్యుత్తరము తెలిసి ఎత్తుదురు. కొందరు దాహమునకో, బయటికి పోవుటకో సెలవు కోరి ఎత్తుదురు. కొందరు అందరును ఎత్తుచున్నారుగదా, ఎత్తకున్నచో మందమతి యనుకొందురేమోయని ఎత్తి, ఉపాధ్యాయుని చూపు తమపై బడకుండ ప్రార్థింతురు. కొందరు ప్రశ్న పూర్తికాక మునుపే ఎత్తుదురు. వారికి ప్రత్యుత్తరముకంటె ముందుగా కనబడుటయందు మక్కువ. ఇక తెలియనిది అడుగుటకై ఎత్తువారు కలరు. వీరే అందరికంటె తక్కువ.

ఎత్తనివారు మరియొక పెద్ద గుంపు. వారందరును తెలియనివారని భావించుట పొరపాటు. అనంతపురపు మెట్టపల్లెలోని బడిని తలచుకొన్నచో ఆ సంగతి స్పష్టమగును. వాన తప్పిన యేడు తలిదండ్రులు కూలికై బెంగుళూరు మొదలగు పట్టణములకు వలసపోవుదురు. కొందరు బిడ్డలు వారి వెంట పోయి, నెలల తరబడి చదువు పోగొట్టుకొని మరల తరగతికి వత్తురు. నల్లబల్లపై లెక్క నడుమ నుండును. దాని మొదలు వారెరుగరు. మొదలు తెలియనివాడు నడుమ నేమని అడుగును? మడకశిర, రాయదుర్గము ప్రాంతములలో ఇంట కన్నడము మాటలాడు బిడ్డలు కలరు. తండాలలో లంబాడీ, పట్టణములలో ఉర్దూ మాటలాడు బిడ్డలు కలరు. తెలుగు మాటలాడు బిడ్డకును బడిలో ఒక చిక్కు కలదు. ఇంట 'శెనక్కాయ' అన్నదానిని పుస్తకములో 'వేరుశనగ' అందురు. ఏ మాట చెప్పినచో నవ్వుదురో తెలియక, ప్రత్యుత్తరమెరిగియు బిడ్డ చేయి ఒడిలోనే యుండిపోవును. తన కుటుంబములో మొదటిసారిగా బడి గడప తొక్కిన బాలికకు, ఇంటికి పోయి అడుగుటకును ఎవరును లేరు. అట్టిదానికి తరగతిలో చేయెత్తుట యొక్కటే దారి. ఆ దారియే ఆమెకు అందరికంటె కష్టమైనది.

ఈ సీమ రైతునకు తెలిసిన పాఠ మొకటి ఇచ్చట పనికివచ్చును. వేరుశనగ వింత పైరు. పసుపుపచ్చని పువ్వు నేలకు పైన పూయును. ఊడ నేలలోనికి దిగును. కాయ మన్నులో దాగి పెరుగును. కావున ఆకు పచ్చగా నున్నదని రైతు మురిసిపోడు. చేనిలో నడచుచు అక్కడొక చెట్టు, ఇక్కడొక చెట్టు పెరికి, క్రింద కాయ ఊరెనో లేదో చూచును. నీరు నిలుచు పల్లపు మూలనే కాక, గరపనేల గల మిట్టమీదను పెరికి చూచును. పల్లములో పైరు బాగున్నదని చేనంతయు పండినట్లు లెక్క వేసికొన్నవాడు కళ్లమునొద్ద మోసపోవును. లేచిన చేతులను మాత్రము చూచి తరగతికంతకు పాఠము వచ్చినదని తలంచు ఉపాధ్యాయుడును అట్లే మోసపోవును. ఎత్తని చేతుల క్రింద ఏమి ఊరుచున్నదో ఆయన మెల్లగా అడిగి తెలిసికొనవలెను.

అడిగిన పిమ్మట కొంచెము ఓపికయు పట్టవలెను. అమెరికా దేశమునందు మేరీ బడ్ రో అను విద్యావేత్త తరగతులలో జరుగు ప్రశ్నోత్తరములను యంత్రముపై ముద్రించి, ఏండ్ల తరబడి పరిశోధించి, 1974లో ఫలితములను ప్రకటించెను. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి, ప్రత్యుత్తరమునకై సగటున ఒక్క సెకను కాలము మాత్రమే ఆగుచున్నారని తేలెను. అంతలో ప్రత్యుత్తరము రానిచో వేరొకరిని అడుగుదురు, లేదా తామే చెప్పివేయుదురు. ఆ యొక్క సెకనును మూడు సెకనులు చేసినపుడు పిల్లల ప్రత్యుత్తరములు పొడవయ్యెను. 'తెలియదు' అనుట తగ్గెను. మందమతులని పేరుపడినవారు గూడ నోరు విప్పిరి. పిల్లలు తమంత తాము అడుగు ప్రశ్నలు పెరిగెను. రెండు సెకనులు! రెప్ప నాలుగైదుసార్లు వాల్చునంత కాలము. ఇంట ఒక భాషలో ఆలోచించి బడిలో మరియొక భాషలో చెప్పవలసిన బిడ్డకు ఆ రెండు సెకనులే దాటవలసిన వంతెన.

కొందరు విద్యావేత్తలు మరియొక దారి పట్టిరి. 2010లో ఇంగ్లండునందు డిలన్ విలియమ్ అను ఆచార్యుడు ఒక పాఠశాలలో చేతులెత్తుటనే మాన్పించి చూచెను. ప్రతి విద్యార్థి పేరును ఒక పుల్లపై వ్రాసి, పుల్ల తీసి, ఎవరి పేరు వచ్చిన వారిని ప్రశ్నించు ఏర్పాటది. ఎప్పుడును చేయెత్తువారికి ఇది మొదట రుచింపలేదు. మూల కూర్చుండువారికిని తలదాచుకొనుటకు చోటు లేకపోయెను. అయినను ప్రశ్న నడుగదలచినవారు మాత్రము చేయెత్తవచ్చునని ఆయన నియమము. అనగా తెలిసినదని చూపుకొను చేతిని ఆపి, తెలియనిదానిని అడుగు చేతిని నిలిపెనన్నమాట. అనంతపురమునకు ఆగ్నేయమున, మదనపల్లె సమీపమునందలి ఋషివ్యాలీలో గ్రామీణ విద్యాకేంద్రమువారు వేరొక మార్గమును కనుగొనిరి. అనేక తరగతుల పిల్లలు ఒక్క గదిలో కూర్చుండు పల్లెబడులకై పాఠములను చిన్న చిన్న కార్డులుగా చేసి, నిచ్చెన మెట్లవలె అమర్చిరి. ప్రతి బిడ్డయు తన మెట్టునుండి తన నడకతో పైకి పోవును. కొన్ని నెలలు బడికి రానివాడు తాను విడిచిన మెట్టుననే మరల నిలువగలడు. అట్టి గదిలో ముందు చేయెత్తవలెనను పోటీ యుండదు. కార్డులు చదువుచున్న పిల్లల నడుమ ఉపాధ్యాయుడే తిరుగుచు వారి ప్రశ్నలను వినును.

పద్ధతులెన్ని యున్నను, చేయి లేవకుండ పట్టియుంచు అసలు బరువు భయము. పూర్వము ఆ భయము అయ్యవారి బెత్తములో నుండెను. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము బిడ్డలను కొట్టుటను, మనస్సు నొప్పించి హింసించుటను నిషేధించెను; 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అది అమలులోనికి వచ్చెను. కోదండములు పోయెను. అరచేతి దెబ్బల లెక్క నిషిద్ధమయ్యెను. అయితే బెత్తము పోయిన తరగతిలోను ఒక భయము మిగిలియున్నది. అది తోటివారి నవ్వు. తప్పుగా పలికిన మాటకు వెనుక బెంచీనుండి వచ్చు ఒక్క నవ్వు, ఎత్తిన చేతిని ఏడాదిపాటు క్రిందికి దింపగలదు. ఆ నవ్వునకు చట్టములో విభాగము లేదు. దానిని ఆపగల అధికారము కలెక్టరునకును లేదు, ఉపాధ్యాయునకును పూర్తిగా లేదు. తరగతిలో కూర్చున్న విద్యార్థులకే కలదు.

ఎవడైనను చేయెత్తి తెలియనిదాని నడిగినపుడు జరుగు మేలును గుర్తించినచో ఈ నవ్వు దానంతట అదియే ఆగిపోవును. ఒకడు అడిగిన సందేహము సాధారణముగా పదిమంది మనస్సులో దాగియుండును. అడిగినవాడు వారందరి తరఫున లేచినవాడగును. ఊరికి నీరు కావలెనని అందరికిని తెలిసియున్నను మొదటి గడ్డపార వేయువాడొకడు ఉండవలెనుగదా! నీరు పడినపుడు బావి అతనిది మాత్రమే కాదు.

నాడు ఒక్కొక్క బడి సుమారు పండ్రెండుమందికి అందెను. చదివిన 6,641 మందిలో బాలికలు 60 మందియే. నేడు ఆ పీఠభూమిమీది పల్లెలలో బాలికలును బాలురును ఒకే గదిలో కూర్చుండుచున్నారు. గదిలోనికి వచ్చుటకు రెండువందల యేండ్లు పట్టెను. వచ్చిన పిమ్మట మూగగా కూర్చుండిపోయినచో ఇంత దూరము నడచిన ఫలము సగమే దక్కును. తెలిసినవాడు చేయెత్తుట మంచిదే. దానివలన ఉపాధ్యాయునకు సంతోషము. తెలియనివాడు చేయెత్తుట మరింత మంచిది. దానివలన తరగతికంతకు పాఠము. ప్రక్కవాడు చేయెత్తినపుడు నవ్వక వినుట అన్నిటికంటె మంచిది. దానివలన మరునాడు మరియొక చేయి లేచును.